ఫ్రెండ్ వాళ్ళమ్మ క్యాంపులో ఉంటుంది, పండక్కి వచ్చినట్టు వెళ్ళి ఇంటర్వ్యూలు చేసేసుకోవచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది సూళ్లూరుపేట, చెన్నైలో పీహెచ్‌డీ రెండో సంవత్సరం చేస్తున్నా. నా టాపిక్ శ్రీలంక తమిళ శరణార్థులు, క్యాంపుల్లో ఆడవాళ్ళ ట్రామా. నలభై ఇంటర్వ్యూలు లేకపోతే చాప్టరే లేదంటున్నారు మా గైడ్. క్యాంపులోకి వెళ్ళడానికి పర్మిషన్ కోసం అప్లికేషన్ పెట్టి ఐదు నెలలైంది, ఎప్పుడు వెళ్ళినా ఫైల్ పైకి వెళ్ళింది అంటారు. మా హాస్టల్లో ఒక ఫ్రెండ్ ఉంది, వాళ్ళ అమ్మానాన్నలు క్యాంపులోనే ఉంటారు. "పొంగల్‌కి మా ఇంటికొచ్చినట్టు రా, నాలుగు రోజులుండు, అమ్మ చుట్టుపక్కల ఆంటీలందరితో మాట్లాడిస్తుంది, ఎవరికీ తెలీదు" అంటోంది. వెళ్ళొచ్చా? ఇంకోటి, మా అమ్మమ్మ వాళ్ళు చిన్నప్పుడు రంగూన్ నుంచి వచ్చినవాళ్ళే, ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు. అది ఇక్కడ అనవసరంలెండి, ఊరికే చెప్పా.

జవాబు: అమ్మాయ్, పండక్కి వెళ్ళు. ఇంటర్వ్యూలకి వెళ్ళకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది, రెండోసారికి నా పాత మొహమే కనిపించింది అందులో, నీ వయసులో నేను చూపించిన తెలివితేటలూ ఇలాంటివే కాబట్టి పెద్దగా తిట్టే అర్హత లేదు నాకు. ఆ సంగతి తర్వాత చెప్తా.

ముందు "ఎవరికీ తెలీదు" అన్న మాట చూడు. క్యాంపులో పుట్టి పెరిగిన పిల్ల అనాల్సిన మాట కాదది, నీ మీద ప్రేమకొద్దీ అనేసింది. అక్కడ అందరికీ అన్నీ తెలుస్తాయి. పాత క్యాంపుల్లో పదడుగుల గదులు వరసగా ఉంటాయి, ఈ ఇంట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్మొస్తుంది. (2021లో స్టాలిన్ గారు 317 కోట్ల ప్యాకేజీ ప్రకటించి 7,469 ఇళ్ళు కొత్తగా కట్టిస్తామన్నారు, అవి కట్టిన చోట కాస్త ఊపిరాడుతోంది, అది వేరే కథ.) కొత్త మనిషి వచ్చిందంటే సాయంత్రానికల్లా చివరి గదిదాకా తెలిసిపోతుంది, అక్కడితో ఆగదు కూడా, ఎందుకంటే క్యాంపుకి రెవెన్యూ వాళ్ళ రిజిస్టర్ ఒకటి, క్యూ బ్రాంచ్ అనే తమిళనాడు నిఘా పోలీసుల కన్ను ఒకటి ఎప్పుడూ ఉంటాయి. 1991 మేలో శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్ గాంధీ హత్య జరిగాక ఆ కన్ను ఇంకా పెద్దదైంది, ముప్ఫై ఏళ్ళు దాటినా పూర్తిగా మూసుకోలేదు.

ఇప్పుడు లెక్క వేసుకో. దొరికిపోతే నిన్నేం చేస్తారు, మహా అయితే పిలిచి ఐడీ కార్డు చూసి నాలుగు మాటలని పంపేస్తారు, నువ్వు లోకల్ ఎక్కి హాస్టల్‌కొచ్చి దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తావు, ఒక చాప్టర్ పోతుంది. మరి నీ ఫ్రెండ్ వాళ్ళమ్మ ఏ లోకల్ ఎక్కాలి? ఆవిడ పేరు ఆ రిజిస్టర్లో ఉంటేనే నెలనెలా డబ్బులు, 2021లో పెంచాక ఇంటి పెద్దకి 1,500, మిగతా పెద్దవాళ్ళకి తలా 1,000, పిల్లలకి 500, రేషన్ దీనికి అదనం. రేపు పిల్ల పెళ్ళికో, వేరే క్యాంపులో ఉన్న అన్నయ్యని చూడ్డానికో బయటికెళ్ళాలంటే మళ్ళీ ఆ ఆఫీసర్ దగ్గరికే వెళ్ళి నిలబడాలి. "ఓహో, మొన్న ఇంట్లో ఎవర్నో పెట్టుకున్నది నువ్వేనా" అన్న ఒక్క మాట చాలు. నీ డిగ్రీకి పూచీకత్తు ఆవిడ పెడుతోందన్నమాట, అదీ తనకి తెలియకుండా. అందుకని వద్దంటున్నా, రూలు తప్పని కాదు. పండక్కి మాత్రం వాళ్ళమ్మ అక్కడ చెప్పాల్సినవాళ్ళకి చెప్పి రమ్మంటే వెళ్ళు, తిను, పడుకో, ఒక్క ముక్క కూడా థీసిస్‌లోకి రాకూడదు.

ఇంకో సంగతి నీకు తెలుసో లేదో, శరణార్థి అనే మాటే మన చట్టంలో ఒక హోదాగా లేదు. 1951 శరణార్థుల ఒడంబడిక మీద గానీ 1967 ప్రోటోకాల్ మీద గానీ ఇండియా సంతకం పెట్టలేదు, శ్రీలంకా పెట్టలేదు, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ కూడా లేవు. దీనికని విడిగా చట్టం కూడా చెయ్యలేదు మనం. నీ ఫ్రెండ్ వాళ్ళమ్మ పేపర్ వాళ్ళకి శరణార్థి, క్యాంపు బోర్డు మీద 2021 నుంచి "మఱువాళ్వు ముగామ్" అంటే పునరావాస శిబిరంలో ఉండే మనిషి, చట్టం దగ్గరికొస్తే ఉత్త విదేశీయురాలు. మొన్నటిదాకా 1946 ఫారినర్స్ యాక్ట్, 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్. 2015 జనవరి 9 లోపు వచ్చి పేరు నమోదు చేయించుకున్న శ్రీలంక తమిళులకి పాస్‌పోర్టు, వీసా లేవన్న శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు, మంచిదే, కానీ అది వెసులుబాటు, పౌరసత్వం కాదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం, అదే సీఏఏలో, వీళ్ళ ఊసే లేదు. ఇన్ని పేర్ల మధ్య ఉన్న మనిషిని నువ్వు వెళ్ళి "మీ ట్రామా చెప్పండి" అని అడుగుతావా? ఆవిడకి నిన్నటి పడవ కన్నా రేపటి కాగితం ఎక్కువ భయం అయ్యుండొచ్చు కదా.

నా సంగతి చెప్తానన్నాను కదా. అప్పట్లో నేను క్యాంపు జోలికి వెళ్ళలేదు, బయట అద్దె ఇళ్ళల్లో ఉండే వాళ్ళ దగ్గరికి వెళ్ళాను, పోలీస్ స్టేషన్లో నమోదు చేయించుకుని సొంత ఖర్చుతో ఉండేవాళ్ళు వీళ్ళు, చెన్నైలో వలసరవాక్కం వైపు చాలామంది ఉంటారు. ఒకావిడ ఇంటికెళ్ళా, మేడ మీద ఒక పోర్షన్, మెట్ల కింద కుట్టుమిషను. కాఫీ ఇచ్చింది. నేను కూర్చోగానే రికార్డర్ తీసి బల్ల మీద పెట్టి, వచ్చీరాని తమిళంలో, మీరు పడవలో వచ్చినరోజు గురించి చెప్పండి అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, లోపలికెళ్ళి టీ-నగర్ బట్టలకొట్టు ప్లాస్టిక్ కవర్ ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తీసి చూస్తే కన్సెంట్ ఫారాలు, ఇంటర్వ్యూకి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టే కాగితాలు. ఏడో ఎనిమిదో. ఒక్కోటీ ఒక్కో యూనివర్సిటీది, రెండు విదేశాలవి, అన్నిటిమీదా అదే ముద్దక్షరాల సంతకం. "ఇన్నిసార్లు చెప్పాను, ఇందులో ఏదో ఒకటి చూసుకోకూడదా?" అని మామూలుగానే అడిగింది, కోపం కూడా లేదు. ఆ కాఫీ ఎలా తాగానో నాకే తెలుసు. ఒక్కళ్ళు కూడా తిరిగొచ్చి ఇదిగో మీ గురించి ఇలా రాశాం అని చూపించలేదట. రికార్డర్ బ్యాగులో పడేశాక ఆవిడే చెప్పడం మొదలెట్టింది, పడవ గురించి కాదు, కొడుకు ఇంజనీరింగ్ అడ్మిషన్ గురించి, ఇంటి ఓనర్ అగ్రిమెంట్ రాయననడం గురించి, సిమ్ కార్డు ఎవరి పేరుమీద తీసుకున్నారో ఆ గొడవ గురించి. రెండు గంటలు. నా ప్రశ్నల కాగితంలో వాటిల్లో ఒక్కటి కూడా లేదు.

సంతకం గురించి కూడా ఒక మాట. రాజీవ్ హత్య తర్వాత 1992లో వీళ్ళని వెనక్కి పంపడం మొదలైంది, ఇష్టపూర్వకంగానే వెళ్తున్నారని ప్రభుత్వం అంది, చదవలేని ఇంగ్లీషు ఫారాల మీద సంతకాలు పెట్టించారని ఆరోపణలొచ్చాయి, తమిళ నాయకుడు నెడుమారన్ గారు మద్రాసు హైకోర్టుకెళ్ళారు, చివరికి నిజంగా ఇష్టంతోనే వెళ్తున్నారో లేదో చూడ్డానికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ వాళ్ళు అదే ఏడాది చెన్నైలో ఆఫీసు తెరిచారు. ఆ రోజులు చూసిన మనిషి ముందు నువ్వు మూడు పేజీల కన్సెంట్ ఫారం చాపి ఇక్కడ సంతకం పెట్టండి అంటే ఆవిడ పెడుతుంది, ఇష్టమై కాదు, పెట్టకపోతే ఏమవుతుందోనని పెడుతుంది. నోటిమాటగా అడిగి, ఆవిడ సరేనన్నట్టు నీ నోట్స్‌లో తేదీ వేసి రాసుకుంటే చాలు, మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీకి ఈ కారణమే రాసి ముందే అప్లికేషన్ పెట్టు, ఒప్పుకోవచ్చు, ఈ రంగంలో ఇది కొత్తేం కాదు.

ఇక మీ గైడ్. నలభై అనేది ఏ పురాణంలో ఉందో నాకైతే తెలీదు. గైడ్‌తో గొడవ పెట్టుకోమని చెప్పను, నీ ఫెలోషిప్ సంతకం ఆయన చేతిలోనే ఉంది కాబట్టి. టైటిల్లో ట్రామా తీసి కాగితం పెట్టు, అంతే. "క్యాంపు ఆడవాళ్ళ కాగితాలు" అను, ఇంగ్లీషులో ఆయనకి నచ్చేలా తిప్పుకో. ఆయన కాదంటే చిమ్నీ గారి పేరు చెప్పు, జేఎన్‌యూలో అంతర్జాతీయ న్యాయం చెప్పిన ఆయన, శరణార్థుల మీద జరిగే చదువంతా ధనిక దేశాల అవసరాల్ని బట్టి నడుస్తోందని 1998లోనే గట్టిగా రాశారు. ఆక్స్‌ఫర్డ్‌లో 1982లో ఈ సబ్జెక్టుకి ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టిన బార్బరా హారెల్-బాండ్ కూడా దక్షిణ సుడాన్‌లో ఉగాండా శరణార్థుల మధ్య తిరిగి, వీళ్ళ బాధలు ఇవీ అని జాబితా రాసి ఊరుకోలేదు, సాయం చేస్తున్నామని వచ్చినవాళ్ళు వీళ్ళని ఏం చేస్తున్నారు అని అడిగింది. అంటే నువ్వు కెమెరా అటు తిప్పొచ్చు, ఆఫీసు వైపు, రిజిస్టర్ వైపు. దానికి క్యాంపు గేటు దాటక్కర్లేదు కూడా.

నిజంగా అక్కర్లేదు. క్యాంపుల్లో ఉన్నవాళ్ళు సుమారు 58 వేలు, బయట ఉన్నవాళ్ళు సుమారు 34 వేలు. ఆ 34 వేలమందిని ఎవరూ పట్టించుకోరు, పరిశోధన అంటే అందరికీ క్యాంపే కావాలి, గేటూ బోర్డూ ఉంటే ఫొటో బాగుంటుంది కదా. హైకోర్టు తీర్పులు చదువు. 1986లో రామేశ్వరం దగ్గర మండపం క్యాంపులో పుట్టిన ఒకావిడ పాస్‌పోర్టు ఇమ్మని కోర్టుకెళ్ళింది. మన పౌరసత్వ చట్టంలో 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1 లోపు ఇండియాలో పుట్టినవాళ్ళు, తల్లిదండ్రులెవరైనా సరే, పుట్టుకతోనే పౌరులు అని ఉంది. 2022లో మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ ఆవిడకి పాస్‌పోర్టు ఇవ్వమంది. దేశం లేనిదానిలా ముప్ఫై ఆరేళ్ళు బతికిన మనిషి మొదటి రోజు నుంచీ పౌరురాలే, ఒక బర్త్ సర్టిఫికెట్ తీసి ఆ సెక్షన్ పక్కన పెట్టి చూసినవాళ్ళు లేరంతే. అలాంటి తేదీల మధ్య పుట్టినవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు, వాళ్ళలో బర్త్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళెవరు, ఇంట్లో పురుడు పోసుకున్నవాళ్ళ సంగతేంటి, ఇదే ఒక చాప్టర్, ఆడవాళ్ళ చాప్టరే, పురుడు కన్నా ఆడవాళ్ళ విషయం ఇంకేముంటుంది.

ఇంకొకటి కొండప్రాంతపు తమిళులు. తేయాకు తోటలకని ఇంగ్లీషువాళ్ళు ఇక్కడినుంచి శ్రీలంకకి తీసుకెళ్ళినవాళ్ళ మనవలు. 1964లో మన ప్రధాని శాస్త్రిగారూ వాళ్ళ ప్రధాని సిరిమావో గారూ కూర్చుని పంచుకున్నారు, 5,25,000 మంది మాకు, 3,00,000 మంది మీకు అని, మనుషుల్నే. మిగిలిన లక్షన్నర మందిని 1974లో చెరిసగం. ఆ ఒప్పందం కింద వచ్చినవాళ్ళు "తాయగం తిరుంబియవర్", స్వదేశానికి తిరిగొచ్చినవాళ్ళు, పౌరులు, కొందరికి నీలగిరుల్లో ప్రభుత్వ టీ తోటల్లో పనిచ్చారు. అదే జనంలో 1983 జులైలో శ్రీలంకలో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత ఏ పడవ దొరికితే అది ఎక్కి వచ్చినవాళ్ళు "అగది", క్యాంపు. ఒకే తోట, ఒకే లైను ఇళ్ళు, అక్క ఓడెక్కింది, చెల్లెలు పడవెక్కింది, అక్కకి ఓటుంది, చెల్లికి రోల్‌కాల్ ఉంది. 2019 జూన్‌లో మదురై బెంచ్ పౌరసత్వం కోరిన వీళ్ళలో 65 మంది పిటిషన్ మీద తీర్పిచ్చింది, అది మొత్తం చదువు. మొత్తం అన్నాను, పేపర్లో హెడ్డింగు కాదు. 2025 మేలో ఒక శ్రీలంక తమిళుడి కేసులో ఇదేమన్నా ధర్మశాలా అని సుప్రీంకోర్టులో ఒక జడ్జిగారు అన్న మాట అందరూ షేర్ చేశారు, అది విచారణలో నోటితో అన్న మాట, ఆర్డరులో రాసింది వేరుగా చూడాలి, నీలాంటివాళ్ళు కూడా రెండూ కలిపేస్తే ఎలా.

ఇప్పుడు "అగది" అన్నాను కదా, అక్కడ ఒక్క నిమిషం ఆగు. తమిళంలో శరణార్థికి వాడే మాట అది, అ-గతి, గతి లేని మనిషి. మన తెలుగులో పాతవాళ్ళు కాందిశీకులు అనేవాళ్ళు, విన్నావా ఎప్పుడైనా? సంస్కృతంలో "కాం దిశం", ఏ దిక్కుకి పోను, అని పరిగెత్తే మనిషి అని అర్థం చెప్తారు. మనకి దిక్కు అంటే తూర్పూ పడమరలే కాదు, అడ్డం నిలబడి కాపాడేవాళ్ళు కూడా దిక్కే, "నాకెవరు దిక్కు" అంటాం. ఇంగ్లీషులో ప్రొటెక్షన్ మీద నువ్వు నలభై పేపర్లు చదివుంటావు, ఈ ఒక్క మాటలో ఉన్నంత వాటిల్లో లేదని నా అభిప్రాయం, ఒప్పుకోకపోయినా పర్లేదు.

ఆ కాందిశీకులు అనే మాట తెలుగు పేపర్లలో ఎక్కువగా తిరిగింది బర్మా వాళ్ళ కోసమే. అందుకే "అనవసరంలెండి" అని రాశావు చూడు, అక్కడే నాకు ఒళ్ళు మండింది. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్ళినవాళ్ళని అక్కడ కోరంగీలు అనేవాళ్ళు, రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో, రిక్షాల దగ్గర చెమటోడ్చింది మనవాళ్ళే. 1930 మేలో రంగూన్ రేవులో మొదలైన అల్లర్లలో దెబ్బలు తిన్నదీ మనవాళ్ళే. 1942లో జపాన్ వాళ్ళొస్తే లక్షలమంది అడవుల్లోంచి నడుచుకుంటూ వచ్చారు, దారిలో ఎంతమంది పోయారో. 1962లో సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కాక షాపులు జాతీయం చేశారు, 1964 మేలో 50, 100 చాట్ (బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నారు, నగానట్రా పెద్దగా తెచ్చుకోనివ్వలేదు, ఓడల్లో మద్రాసుకీ విశాఖకీ దింపారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఆ పేరే. ఇక్కడ చెన్నైలో బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్, వ్యాసర్పాడిలో వాళ్ళ కాలనీలు. బర్మా బజార్ దగ్గర అత్తో నూడుల్స్ తిన్నావు కదా, తినకుండా చెన్నైలో రెండేళ్ళు ఉండుంటే అది వేరే తప్పు. అది ఆ ఓడల్లో వచ్చిన వంటే.

కాబట్టి నీ ప్రశ్నల కాగితం ముందు మీ అమ్మమ్మ ముందు పెట్టు. ఆవిడ మీద థీసిస్ రాయమనట్లేదు, నీ ప్రశ్నలు ఎలా తగులుతాయో చూసుకోమంటున్నా. ఓడ దిగిన రోజు ఎలా అనిపించింది అని సొంత మనవరాలు అడిగితేనే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతే, ఆ ప్రశ్న గుమ్మిడిపూండి క్యాంపులో ముక్కూమొహం తెలియని ఆవిడని అడగడానికి పనికిరాదు. వచ్చాక మొదటి రేషన్ కార్డు ఎవరి పేరుమీద వచ్చింది, ఎన్నాళ్ళకి వచ్చింది, అని అడిగి చూడు. కాగితాల గురించి అడిగితే మనుషులు బీరువా తెరుస్తారు, బీరువా తెరిచాక మిగతావి అవే వస్తాయి.

తర్వాత ఎప్పుడో పర్మిషన్ వచ్చిందే అనుకో, లోపలికెళ్ళాక ఇవి మర్చిపోకు. నీ వల్ల వాళ్ళకి ఇల్లూ పౌరసత్వమూ ఏమీ రావని కూర్చోగానే చెప్పెయ్, ఐక్యరాజ్యసమితి నుంచి వచ్చావనుకుని ఆశ పెట్టుకుంటారు. పేర్లు మారిస్తే సరిపోదు, రెండొందల కుటుంబాలున్న చోట "ముగ్గురాడపిల్లల తల్లి, టైలర్, భర్త లేడు" అని రాస్తే క్యాంపు పేరు చెప్పకపోయినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది. రికార్డింగులు ఫోన్లో దాచకు, అవి వాటంతటవే గూగుల్‌లోకి ఎక్కేస్తాయి. ఫ్రెండ్‌ని అనువాదానికి పెట్టుకోకు, పక్కింటి పిల్ల ముందు ఏ ఆంటీ ఏం చెప్తుంది. ఆ తమిళం నీకు కొత్తగానే ఉంటుంది, మాట్లాడ్డాన్ని ఇక్కడివాళ్ళు "పేసు" అంటే వాళ్ళు "కదై" అంటారు, మాట్లాడటమే వాళ్ళకి కథ. కాస్త నేర్చుకుని వెళ్ళు.

ఈ ఆదివారం సూళ్లూరుపేట లోకల్ ఎలాగూ ఎక్కుతావు, గుమ్మిడిపూండి మీదుగానే పోతుంది కదా, అక్కడ దిగకు, తిన్నగా ఇంటికి పో. రికార్డర్ హాస్టల్లోనే పెట్టి వెళ్ళు. అమ్మమ్మ ఏమందో నాకు రాయి, ఆవిడ రాసుకోవే అంటేనే.